పట్టా లేని పరిశోధకురాలు – గెర్ట్రూడ్ ఎలియన్

మన విద్యార్థి సంఘం వారు ఈ యేటి సంచికకు సైన్సు విద్యార్థుల తరఫున ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు న్యూటన్, ఐన్‌స్టీన్ లాంటి మహానుభావులు ఎవరూ తట్టలేదు. మా ఊళ్ళో కౌలుకు సేద్యం చేసుకునే ఒక రైతు జ్ఞాపకం వచ్చాడు. ఆయన నెలకోసారి పొద్దున్నే బస్సెక్కి జిల్లా ఆసుపత్రికి పోయి మందుల డబ్బా తెచ్చుకుంటాడు. ఆ డబ్బా ఏమిటో ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నా చిన్నతనంలో ఆయన మా పొలానికి పనికొస్తే మజ్జిగ వేరే గ్లాసులో పోసి ఇచ్చేవాళ్ళం. ఆ గ్లాసు పశువుల కొట్టం చూరులో దోపి ఉండేది. దాన్ని తీసుకొచ్చి ఇచ్చే పని నాదే. హెచ్.ఐ.వి. గ్లాసు వల్ల అంటుకోదని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాక ఆ సంగతి తలుచుకుంటే నాకు తల వంగిపోతుంది. ఆయన మాత్రం ఇప్పటికీ నాట్లు వేయిస్తున్నాడు, కోతలు కోయిస్తున్నాడు, కూతురి పెళ్ళి కూడా చేశాడు.

ఆయన్ని నిలబెట్టిన మందులు ఎవరి చలవ అని పుస్తకాలు తిరగేస్తూ పోతే ఎన్నో పేర్లు కనిపించాయి. వాటిలో ఒక పేరు దగ్గర నేను ఆగిపోయాను. హెచ్.ఐ.వి.కి వచ్చిన మొట్టమొదటి మందు గురించి రాసిన పరిశోధనా పత్రం మీద ఆ పేరు లేదు. కానీ ఆ పత్రం మీద సంతకం చేసినవాళ్ళలో ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఆమెకు పిహెచ్.డి. లేదు, నోబెల్ బహుమతి ఉంది. ఆమె పేరు గెర్ట్రూడ్ బెల్ ఎలియన్. ఆమె జీవితాన్ని నాకు తెలిసినంతలో మిత్రులకు చెప్పాలని ఈ చిన్న ప్రయత్నం.

బాల్యం – తాతగారి మరణం

ఎలియన్ 1918 జనవరి 23న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పుట్టింది. తండ్రి లిథువేనియా నుంచి పన్నెండేళ్ళ వయసులో వలస వచ్చి, కష్టపడి చదువుకుని పళ్ళ డాక్టరయ్యాడు. తల్లిది అప్పటి రష్యా ఏలుబడిలో ఉన్న పోలండు ప్రాంతం. ఆమె కూడా చిన్నతనంలోనే ఒడ్డు దాటి వచ్చిన మనిషి. ఇంట్లో చదువంటే అందరికీ గౌరవమే గాని, 1929లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలినప్పుడు తండ్రి కూడబెట్టిందంతా పోయింది. మన దగ్గర వరసగా రెండేళ్ళు పంట పోయిన ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో వాళ్ళ ఇల్లూ అలాగే అయింది.

పదిహేనేళ్ళ వయసులో ఆమె కళ్ళముందే తాతగారు పొట్టలో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ పిల్లకు తాత దగ్గర చేరిక ఎక్కువ. అంత మంచి మనిషి అంత బాధపడి పోవడం చూశాక ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ జబ్బుకు మందు కనిపెట్టే పనిలోకి పోవాలి, అందుకు కెమిస్ట్రీ చదవాలి. అదే సంవత్సరం, 1933లో హంటర్ కాలేజీలో చేరింది. అది ఆడపిల్లల కాలేజి, జీతం కట్టనక్కరలేదు. మార్కులు బాగుంటే చాలు. జీతం కట్టవలసి వస్తే తనకు పై చదువే ఉండేది కాదని ఆమె పెద్దయ్యాక కూడా చెప్పుకునేది. 1937లో కెమిస్ట్రీ డిగ్రీ అత్యున్నత శ్రేణిలో పూర్తిచేసింది. అప్పటికి ఆమె వయసు పందొమ్మిదేళ్ళు.

మూసిన తలుపులు

ఇక్కడి నుంచి ఆమెకు అసలు కష్టాలు మొదలయ్యాయి. పై చదువుకు ఆర్థిక సాయం కోరుతూ పదిహేను చోట్లకు దరఖాస్తులు పెట్టింది. ఒక్కచోటా రాలేదు. ఉద్యోగాలకు వెళ్తే, చదువు సరిపోయినా, ఆడపిల్ల ప్రయోగశాలలో ఉంటే మగవాళ్ళ ధ్యాస చెదురుతుందని ఒక చోట మొహం మీదే చెప్పారు. విసుగెత్తి కొన్ని వారాలు టైపు, షార్ట్‌హ్యాండు బడికి పోయింది. తరువాత నర్సులకు మూడు నెలలు బయోకెమిస్ట్రీ చెప్పింది. ఒక కెమిస్టు దగ్గర జీతం లేకుండా పనికి కుదిరి, పని నేర్చుకుంటే చాలనుకుంది. చివరికి అతను వారానికి ఇరవై డాలర్ల దాకా ఇచ్చాడు.

ఆ డబ్బు కూడబెట్టుకుని 1939లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఎం.ఎస్సీ.లో చేరింది. కెమిస్ట్రీ తరగతిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. పగలు హైస్కూలు పిల్లలకు ఫిజిక్సు, కెమిస్ట్రీ పాఠాలు, రాత్రులూ ఆదివారాలూ ల్యాబులో ప్రయోగాలు. 1941లో డిగ్రీ చేతికి వచ్చింది.

అదే సంవత్సరం ఆమె జీవితంలో మరో దెబ్బ తగిలింది. పెళ్ళి చేసుకోవాలనుకున్న యువకుడు లియొనార్డ్ కాంటర్ గుండె లోపలి పొరకు బాక్టీరియా సోకే జబ్బుతో చనిపోయాడు. పెన్సిలిన్ వాడకంలోకి వచ్చి ఉంటే బతికేవాడే. కొద్ది సంవత్సరాల తేడాతో ఆ మందు ఆయనకు అందలేదు. ఎలియన్ మళ్ళీ పెళ్ళి మాట తలపెట్టలేదు. మందు ఆలస్యమైతే ఏమవుతుందో ఆమెకు పుస్తకాలు చెప్పనక్కరలేకపోయింది.

ఎం.ఎస్సీ. తరువాత దొరికిన ఉద్యోగం ఏమిటంటే, ఒక పెద్ద కిరాణా కంపెనీలో పచ్చళ్ళ పులుపు సరిగా ఉందా, కోడిగుడ్డు సొన రంగు బాగుందా అని పరీక్షించడం. కొంతకాలం చేసి, ఇక్కడ నేర్చుకోవలసింది అయిపోయిందని మానేసింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మగవాళ్ళు సైన్యంలోకి పోవడంతో ప్రయోగశాలల్లో ఖాళీలు ఏర్పడ్డాయి. అంతదాకా మూసుకున్న తలుపులు ఆడవాళ్ళ కోసం కొద్దిగా తెరుచుకున్నాయి. 1944 జూన్‌లో న్యూయార్క్ పక్కన టకహో అనే ఊళ్ళో ఉన్న బరోస్ వెల్కమ్ మందుల కంపెనీలో, జార్జ్ హిచింగ్స్ అనే శాస్త్రవేత్తకు సహాయకురాలిగా చేరింది. జీతం వారానికి యాభై డాలర్లు.

హిచింగ్స్ – మన సుబ్బారావు గారు

ఈ హిచింగ్స్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మన తెలుగువాడి ప్రస్తావన ఉంది. హిచింగ్స్ 1933లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. పొందాడు. అక్కడ ఆయన పనిచేసింది సైరస్ ఫిస్క్ దగ్గర. అదే ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉండేవారు. ఫాస్ఫరస్ పరిమాణాన్ని కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి 1925లో అక్కడే పుట్టింది. కండరాలలో శక్తినిచ్చే ఎ.టి.పి. మీద వాళ్ళు చేస్తున్న పరిశోధనకు కావలసిన కొలత పద్ధతులను తయారు చేయడం హిచింగ్స్‌కు వచ్చిన పని. న్యూక్లిక్ ఆమ్లాల మీద, వాటిలోని ప్యూరిన్ల మీద ఆయనకు ఆసక్తి పుట్టింది అక్కడే. ఫిస్క్ అసూయ వల్ల సుబ్బారావు గారి పని కొంత వెలుగు చూడలేదనీ, తరవాతివాళ్ళు దాన్ని మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ హిచింగ్స్ చెప్పినట్టు సుబ్బారావు గారి జీవితం రాసినవాళ్ళు పేర్కొన్నారు.

బహుశా ఆ ఉదంతం చూసినందువల్లనో, స్వభావతః మంచివాడు కావడం వల్లనో, హిచింగ్స్ తన సహాయకురాలిని సహాయకురాలిగా ఉంచెయ్యలేదు. ఎవరి పని వాళ్ళే రాసుకుని, ఎవరి పేరుతో వాళ్ళు ప్రచురించుకోనిచ్చాడు. ప్యూరిన్ల రంగం మొత్తం ఎలియన్‌కు వదిలిపెట్టాడు. ఆమె ఒట్టి కెమిస్టుగా వచ్చి, చూస్తూండగానే బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ, ఇమ్యునాలజీ, వైరాలజీ నేర్చుకుంటూ పోయింది.

ఇక్కడే చదువు సమస్య మళ్ళీ వచ్చింది. రాత్రిపూట బ్రూక్లిన్ పాలిటెక్నిక్‌కు రైల్లో పోయి పిహెచ్.డి. చదువుతూ ఉండేది. రెండేళ్ళయ్యాక అక్కడి పెద్దలు, ఉద్యోగం మానేసి పూర్తికాలం వస్తే తప్ప కుదరదన్నారు. ఉద్యోగమా, పట్టానా? ఆమె ఉద్యోగం వైపే నిలబడింది. ఆ పూట ఆమెకు ఎంత కష్టం కలిగిందో గాని, తీసుకున్న నిర్ణయం సరైనదో కాదో ఆమెకు చాలా ఏళ్ళు తెలియలేదు. మనలో చాలామందికి డిగ్రీ అయ్యాక ఇలాంటి పూట ఒకటి వస్తుంది కనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

నకిలీ విత్తనం

ఆ రోజుల్లో మందులు కనిపెట్టడమంటే ఎక్కువభాగం చీకట్లో రాయి విసరడమే. ఏదో ఒక రసాయనం తీసుకుని ఎలుకకు పెట్టి చూడడం, తగిలితే తగిలినట్టు. హిచింగ్స్, ఎలియన్ ఎంచుకున్న దారి వేరు. ఏ కణమైనా రెండుగా చీలాలంటే ముందు కొత్త డి.ఎన్.ఎ. తయారు చేసుకోవాలి. దానికి ప్యూరిన్లు, పిరిమిడిన్లు అనే ముడిసరుకు కావాలి. క్యాన్సర్ కణం, బాక్టీరియా, వైరస్ ఇవన్నీ గబగబా పెరిగేవి, వాటికి ఆ సరుకు మరీ ఎక్కువ కావాలి. అచ్చం ఆ సరుకు లాగే ఉండి, అది కానిదాన్ని అందిస్తే?

రైతు బిడ్డలకు ఇది వివరించడం తేలిక. నకిలీ విత్తనాల ప్యాకెట్టు చూడడానికి అసలుదానిలాగే ఉంటుంది. రైతు నమ్మి కొంటాడు, దుక్కి దున్ని విత్తుతాడు, ఎరువు వేస్తాడు. చెట్టు లేస్తుంది, కాయ పట్టదు. అప్పటికి ఆ కారు పోయినట్టే. అలాగే జబ్బు కణం నకిలీ ప్యూరిన్‌ను అసలుదనుకుని లోపలికి తీసుకుంటుంది, తీసుకున్నాక దాని పని ఆగిపోతుంది. మన రైతును ముంచే మోసాన్నే ఎలియన్ జబ్బు మీద ప్రయోగించిందన్న మాట.

అప్పటికి డి.ఎన్.ఎ. ఆకారం ఎవరికీ తెలియదు. వాట్సన్, క్రిక్ దాన్ని చెప్పింది 1953లో. ఎలియన్ పని మొదలుపెట్టింది దానికి తొమ్మిదేళ్ళ ముందు. తయారు చేసిన ప్రతి పదార్థాన్నీ పాలలో పెరిగే లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా మీద వేసి, దాని పెరుగుదల ఆగుతుందా లేదా అని చూసేవారు. ఒకటి కాదు, రెండు కాదు, 1951 నాటికి వందకు పైగా ప్యూరిన్లు అలా చేసి చూశారు. వాటిలో ఒకదానిలో, ప్యూరిన్ వలయంలోని 6వ స్థానంలో ఆక్సిజన్ ఉండవలసిన చోట సల్ఫర్ పెట్టింది ఎలియన్. ఒక్క అణువు మార్పు. దాని పేరు 6-మెర్కాప్టోప్యూరిన్.

ఆ రోజుల్లో పిల్లలకు వచ్చే తీవ్ర లుకేమియా, అంటే రక్తపు క్యాన్సర్, వచ్చిందంటే చాలామంది మూడు నాలుగు నెలలకు మించి బతికేవారు కాదు. న్యూయార్క్‌లోని స్లోన్ కెట్టరింగ్ సంస్థలో ఈ మందు ఇచ్చినప్పుడు కొందరు పిల్లలు పూర్తిగా తేరుకున్నారు. 1953లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కానీ ఆ సంతోషం నిలవలేదు. తేరుకున్న పిల్లల్లో ఎక్కువమందికి కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టి, చనిపోయారు. ఆమె పొంగిపోవడం, వెంటనే కుంగిపోవడం చాలాసార్లు జరిగింది. అయినా పని ఆపలేదు. మందు ఒంట్లోకి పోయాక ఏమవుతోంది, ఎందుకు చాలడం లేదు అని తవ్వుతూ పోయింది.

ఇక్కడ మళ్ళీ సుబ్బారావు గారు కలుస్తారు. ఆయన హార్వర్డ్ వదిలి లెడర్లీ కంపెనీలో పరిశోధన నడుపుతున్నప్పుడు, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి నకిలీలుగా అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ తయారు చేసింది. సుబ్బారావు గారు 1948లో కన్నుమూశారు. తరవాతి కాలంలో డాక్టర్లు ఒకే మందు కాకుండా కొన్ని మందులు కలిపి ఇవ్వడం నేర్చుకున్నారు. నేడు పిల్లల తీవ్ర లుకేమియాలో పెద్ద భాగం నయమవుతోంది. ఆ చికిత్స చివరి దశలో రోజూ వేసుకునే మాత్ర ఎలియన్‌ది, వారానికోసారి ఇచ్చేది సుబ్బారావు గారి ప్రయోగశాలలో పుట్టిన మెథోట్రెక్సేట్. ఇద్దరి మందులూ ఆ పిల్లల ఒంట్లో ఇప్పటికీ కలిసి పనిచేస్తున్నాయి.

ఒక తీగె లాగితే

6-మెర్కాప్టోప్యూరిన్‌ను పట్టుకుని లాగితే ఇంకెన్నో వచ్చాయి. ఆ మందు ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందని బోస్టన్‌లో కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. దానికి తోబుట్టువు లాంటి అజథయోప్రిన్‌ను ఎలియన్ బృందం అప్పటికే తయారు చేసి ఉంచింది. ఒకరి మూత్రపిండం ఇంకొకరికి పెడితే శరీరం దాన్ని పరాయిదని తోసేస్తుంది కదా. ఆ తోసివేతను ఆపడానికి అజథయోప్రిన్ పనికొచ్చింది. 1962లో రక్తసంబంధం లేని మనిషి మూత్రపిండాన్ని జోసెఫ్ మర్రే విజయవంతంగా అమర్చింది ఈ మందు అండతోనే. 6-మెర్కాప్టోప్యూరిన్ ఒంట్లో త్వరగా పాడైపోకుండా ఉండాలని వెతుకుతుంటే అల్లోప్యూరినాల్ దొరికింది. అది యూరిక్ ఆమ్లాన్ని తగ్గిస్తుందని తేలి, 1966 నుంచి గౌట్ అనే కీళ్ళ జబ్బుకు మందయింది.

1956లో ఆమె తల్లి కూడా క్యాన్సర్‌తోనే పోయింది. తాత, తల్లి ఇద్దరినీ తీసుకుపోయిన జబ్బు మీద పట్టు మరీ పెరిగింది గాని సడలలేదు. 1967లో ఆమె ఒక విభాగానికి అధిపతి అయింది. 1970లో కంపెనీ పరిశోధనశాల నార్త్ కరోలినా రాష్ట్రానికి మారితే తానూ వెళ్ళింది.

వైరస్‌తో ముఖాముఖి

వైరస్ మీద మందు తయారు చేయడం సాధ్యం కాదని ఆనాటి పెద్దలు చాలామంది అనుకునేవారు. కారణం లేకపోలేదు. బాక్టీరియా ప్రత్యేకమైన జీవి, దాని గోడను పగలగొట్టవచ్చు. వైరస్ అలా కాదు, మన కణంలోనే దూరి, మన సరంజామాతోనే తన పిల్లల్ని చేసుకుంటుంది. దాన్ని చంపబోతే కణమూ చస్తుంది.

ఎలియన్ 1968 ప్రాంతంలో తన పాత ప్యూరిన్లను మళ్ళీ బయటికి తీసి వైరస్‌ల మీద చూడడం మొదలుపెట్టింది. హోవర్డ్ షేఫర్ అనే కెమిస్టు వచ్చి చేరాక పని ఊపందుకుంది. కొన్నేళ్ళ శ్రమ తరువాత హెర్పిస్ జాతి వైరస్‌ను ఆపగలిగే ఎసైక్లోవిర్ దొరికింది. అది పనిచేస్తోందని తెలియడమే కాదు, ఎలా పనిచేస్తోందో నిగ్గు తేల్చడమే ఎలియన్ గొప్పతనం. ఆ వివరాలు 1977లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చాయి.

ఆ సంగతి ఇది. ఎసైక్లోవిర్ మామూలు కణంలోకి పోయినా ఊరికే పడి ఉంటుంది. దాన్ని చురుకైన మందుగా మార్చే మొదటి మెట్టుకు వైరస్ తయారు చేసుకునే ఎంజైమే కావాలి. అంటే వైరస్ ఉన్న కణంలోనే మందుకు ప్రాణం వస్తుంది. తన మీదికి వచ్చే కత్తిని వైరసే సానబెట్టుకుంటుందన్న మాట. ఆ తరువాత అది డి.ఎన్.ఎ. గొలుసులో చేరుతుంది. రైల్లో పెట్టెకు ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం ఉంటాయి. ఈ పెట్టెకు ముందు కొక్కెం ఉంది, వెనక కొక్కెం లేదు. కనుక దాని వెనక మరో పెట్టె తగిలించలేరు. రైలు అక్కడితో ఆగిపోతుంది.

1982లో ఈ మందు అమెరికాలో అనుమతి పొందింది. మెదడుకు సోకే హెర్పిస్ వల్ల చనిపోయేవాళ్ళు, క్యాన్సర్ చికిత్సలో ఉండగా అమ్మవారు లాంటి జబ్బు సోకి ప్రమాదంలో పడే పిల్లలు దీనివల్ల బయటపడసాగారు. వైరస్‌కు మందు ఉండదన్న మాట తప్పని రుజువైంది. మరుసటి సంవత్సరం, 1983లో, ఆమె ఉద్యోగ విరమణ చేసింది.

పేరు లేని పత్రం

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రపంచం మీద కొత్త ఉపద్రవం వచ్చి పడింది. 1981లో అమెరికాలో ఎయిడ్స్ కేసులు బయటపడ్డాయి. 1983లో ఫ్రాన్సులో దాని వైరస్‌ను పట్టుకున్నారు. మందు లేదు. వచ్చినవాడు పోవడమే.

బరోస్ వెల్కమ్‌లో ఎలియన్ దగ్గర తయారైన బృందం అప్పటికి వైరస్ మందుల్లో చెయ్యి తిరిగింది. 1984లో వాళ్ళు తమ దగ్గరున్న పదార్థాలను వెతకడం మొదలుపెట్టారు. జానెట్ రైడౌట్ అనే కెమిస్టు ఎంచినవాటిలో ఎ.జెడ్.టి. ఒకటి. ఇది కొత్తది కాదు. డెట్రాయిట్‌లో జెరోమ్ హోర్విట్జ్ అనే ఆయన 1964లోనే క్యాన్సర్ కోసం తయారు చేశాడు. క్యాన్సర్ మీద పనిచేయకపోవడంతో పేటెంటు కూడా తీసుకోకుండా మూల పడేశాడు. ఇది థైమిడిన్‌కు నకిలీ, దీనికీ వెనక కొక్కెం ఉండదు. కొక్కెం ఉండవలసిన చోట మూడు నైట్రోజన్ అణువుల గుంపు ఉంటుంది. 1985లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిత్సుయా, బ్రోడర్ గార్లు ఇది హెచ్.ఐ.వి.ని ఆపుతోందని పరీక్షించి చూపారు.

తరువాత 282 మంది రోగుల మీద పరీక్ష జరిగింది. సగంమందికి మందు, సగంమందికి ఉత్త మాత్ర. 1986 సెప్టెంబరులో లెక్క చూస్తే, ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 19 మంది చనిపోగా, మందు తీసుకున్నవారిలో ఒక్కరే చనిపోయారు. ఇక ఉత్త మాత్ర ఇవ్వడం ధర్మం కాదని పరీక్ష ఆపి అందరికీ మందు ఇచ్చారు. 1987 మార్చిలో అనుమతి వచ్చింది.

1985 నాటి ఆ మొదటి పత్రాన్ని, 1977 నాటి ఎసైక్లోవిర్ పత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. 1977 నాటిదానిలో ఎలియన్ పేరు పక్కనే ఫిలిప్ ఫర్మాన్ పేరు ఉంది. 1985 నాటిదానిలో ఎలియన్ లేదు, ఫర్మాన్ ఉన్నాడు. 1986లో ఎ.జెడ్.టి. ఒంట్లో ఎలా పనిచేస్తుందో వివరించిన పత్రంలో ఆయనతో పాటు 1977 పత్రం మీదున్న మరో పేరు, ఫైఫ్, కూడా కనిపిస్తుంది. మడి మారింది, నారు మాత్రం ఆమె పోసిందే.

1988 అక్టోబరులో ఎలియన్‌కు, హిచింగ్స్‌కు, బ్రిటన్‌కు చెందిన జేమ్స్ బ్లాక్‌కు కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆమెకు డెబ్భై ఏళ్ళు. ఎ.జెడ్.టి. కూడా ఆమే కనిపెట్టిందని కొందరు రాశారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ పని తన తరవాతివాళ్ళదనీ, వాళ్ళకు దారి నేర్పడం వరకే తన వంతనీ స్పష్టం చేసింది. ఒకరి పనికి ఇంకొకరు పేరు పెట్టుకోవడం మామూలైపోయిన లోకంలో, వచ్చిన పేరును కూడా వద్దని తిప్పి పంపిన మనిషి ఆమె.

ఎ.జెడ్.టి.తో కథ సుఖాంతం అయిందనుకుంటే పొరపాటు. ఆ మందు రక్తహీనత తెచ్చేది. కొంతకాలానికి వైరస్ దానికి అలవాటుపడిపోయేది. ధర చూస్తే ఏడాదికి దాదాపు పదివేల డాలర్లు. రోగులు న్యూయార్క్ వీధుల్లోకి వచ్చి ఆందోళన చేశారు. ఎలియన్ పనిచేసిన కంపెనీయే ఆ ధర పెట్టిందన్నది కూడా దాచకూడని నిజం. అయినా 1994లో గర్భిణికీ బిడ్డకూ ఈ మందు ఇస్తే బిడ్డకు వైరస్ సోకడం నూటికి 25 నుంచి 8కి పడిపోతుందని తేలింది. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చాక హెచ్.ఐ.వి. మరణశిక్షగా ఉండడం మానేసింది. లుకేమియా నేర్పిన పాఠమే ఇక్కడా పనికొచ్చింది.

ధర సంగతి మన దేశం తేల్చింది. 2001లో ముంబయికి చెందిన సిప్లా కంపెనీ మూడు మందుల కూర్పును ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ముందుకొచ్చింది. తరువాత మన హైదరాబాదు కంపెనీలు కూడా ఈ మందులను పెద్దఎత్తున తయారు చేసి ఆఫ్రికా దేశాలకు పంపసాగాయి. 2004 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం జబ్బు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. మా ఊరి రైతు బస్సెక్కి పోయేది ఆ ఏర్పాటు వల్లనే.

చివరి రోజులు

ఉద్యోగం మానేశాక కూడా ఎలియన్ ఖాళీగా కూర్చోలేదు. డ్యూక్ యూనివర్సిటీ వైద్య విద్యార్థులకు పరిశోధన నేర్పుతూ, సలహాలిస్తూ ఉండేది. తాను చదివిన హంటర్ కాలేజీలో ఆడపిల్లల పై చదువుకు ఉపకార వేతనాలు ఏర్పాటు చేయించింది. ఆమె పేరున 45 పేటెంట్లు, రెండు వందలకు పైగా పరిశోధనా పత్రాలు ఉన్నాయి. ఎన్నో యూనివర్సిటీలు గౌరవ డాక్టరేట్లిచ్చాయి. ఒకప్పుడు ఉద్యోగం మానేస్తేనే రమ్మన్న బ్రూక్లిన్ పాలిటెక్నిక్ కూడా 1989లో ఇచ్చింది. కానీ ఆమె పదిలంగా దాచుకున్నవి రోగులూ వాళ్ళ తల్లిదండ్రులూ రాసిన ఉత్తరాలు. 1999 ఫిబ్రవరి 21న, ఎనభై ఒకటో ఏట, నార్త్ కరోలినాలో ఆమె కన్నుమూసింది.

మిత్రులారా, పట్టా అక్కరలేదని చెప్పడానికి నేనిది రాయలేదు. పట్టా లేని మనిషికి ఒక హిచింగ్స్ దొరికాడు గనుక మనకు ఎలియన్ దక్కింది. అలాంటివాడు దొరకనివాళ్ళు ఎందరు పచ్చళ్ళ పులుపు చూస్తూనే ఉండిపోయారో! మన లెక్చరర్లకు ఇది నా మనవి. క్లాసులో వెనక బెంచీలో కూర్చునే పిల్లలో, పల్లెటూరి నుంచి వచ్చి ఇంగ్లీషు రాక నోరు మెదపని కుర్రాడిలో ఏముందో మీరు చూడాలి. ఇక విద్యార్థులమైన మనం, ఫలానాది రాలేదని పక్కకు తప్పుకోకుండా, చేతిలో ఉన్న ప్రశ్నను వదలకుండా పట్టుకోవాలి. ఎలియన్ నలభై ఏళ్ళు పట్టుకున్నది ఒక్కటే ప్రశ్న. కణాన్ని మోసగించేది ఏది?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా రైతు డబ్బా మీద పేర్లు చదివాను. ఎ.జెడ్.టి. ఇప్పుడు అందులో లేదు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ ఉన్నాయి. మొదటి రెండూ వెనక కొక్కెం లేని పెట్టెలే, అందులో టెనోఫోవిర్ ప్యూరిన్ జాతిదే. అవి ఎలా పనిచేస్తాయో చెప్పమని ఆయన అడిగాడు. నకిలీ విత్తనాల సంగతి చెబితే పగలబడి నవ్వాడు. మా అమ్మ మజ్జిగ తెచ్చింది. ఆ చూరులోని గ్లాసు ఎప్పుడో పోయింది. ఇద్దరికీ ఒకే రకం గ్లాసుల్లో పోసింది.

– ఫైనల్ బి.యస్సీ. (కెమిస్ట్రీ) విద్యార్థి